కలుపుకోవడం వేరు, వదులుకోవడం వేరు

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతంలో పత్తి, మిర్చి, ధాన్యం చేతికొచ్చే రోజుల్లో అందరి నోటా వినిపించే మాట గోడౌన్. కోతలకు వెళ్లే మన ఆడవాళ్లకూ, బస్తాలెత్తే హమాలీలకూ అది కొత్త కాదు. ఇంగ్లిషు మాట అనుకుంటాం. కానీ ఇంగ్లిషువాళ్లు దాన్ని మలయ్ భాష నుంచి తెచ్చుకున్నారు. అక్కడ గుదాంగ్ అంటే సరుకు దాచే కొట్టు. కొనుగోలు కేంద్రంలో రాసే ప్యాడీ కూడా మలయ్ మాటే. వాళ్ల పాడి అంటే వరి.

మరి మలయ్ వాళ్లకు గుదాంగ్ ఎక్కడిది? 1886లో యూల్, బర్నెల్ వెలువరించిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు, ఆ మాట దక్షిణ భారతం నుంచి వెళ్లి ఉంటుందని చెబుతూ తెలుగు గిడ్డంగినీ, తమిళ కిడంగునూ చూపింది. తమిళంలో కిడ అంటే పడి ఉండడం. సరుకు పడి ఉండే చోటు కిడంగు. మచిలీపట్నం రేవు నుంచి బట్టలు తూర్పు దీవులకు వెళ్లేవి, అక్కడి సుగంధ ద్రవ్యాలు ఇటు వచ్చేవి. ఓడల్లో సరుకుతోపాటు మాటలూ ప్రయాణం చేశాయి. అలా వెళ్లిన గిడ్డంగే గోడౌన్‌గా మన ఊరికి తిరిగొచ్చి ఉంటుంది. గోదాము కూడా వాటి తోబుట్టువే. ఈ మూడింటినీ వాడుతున్న తెలుగును కల్తీ భాష అని ఎవరూ అనరు. ఇంగ్లిషును అసలే అనరు.

మన భాషల దగ్గరికి వచ్చేసరికి మాత్రం తూకం మారుతుంది. ఎరుకల భాష వింటే, "సగం తమిళం, సగం తెలుగు, అదీ ఒక భాషేనా" అంటారు. లంబాడీ వింటే, "లిపి లేదు, అన్నీ అరువు మాటలే" అంటారు. ఆ మాటలు ఎలా చేరాయో అడగరు. ఎరుకల పెద్దలు ఉప్పు, ధాన్యం మోసుకుంటూ ఊరూరా తిరిగారు. లంబాడీలు ఎద్దుల మందలపై సరుకు వేసుకుని రాజ్యాలు దాటారు. రేవులో ఓడ చేసిన పనినే నేలమీద మన ఎద్దు, గాడిద చేశాయి. దారిలో కలిసినవారి మాట నేర్చుకోకుండా బేరం కుదరదు. రైళ్లు వచ్చి ఆ బతుకుతెరువు పోయాక, మన సంచారాన్నే ప్రభుత్వం అనుమానించింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. అది 1952లో రద్దయింది. ఓడ ఎక్కి తిరిగినవాడు వర్తకుడు, ఎద్దు తోలుకుని తిరిగినవాడు దొంగ అయ్యాడు. ఓడ తెచ్చిన మాట గొప్పది, ఎద్దు తెచ్చిన మాట నామోషీ అయింది.

అయితే అరువు తప్పు కాదన్నంత మాత్రాన అన్నీ వదిలి పెద్ద భాషలో కలిసిపోవడమే మేలా? కాదంటాం. గోడౌన్‌ను తీసుకున్నందుకు ఇంగ్లిషు తన మాటలు పోగొట్టుకోలేదు. దాని ఇంట్లో ఒక మాట పెరిగింది. తండా పిల్ల బడిలో యాడి అన్నందుకు నలుగురూ నవ్వి, మర్నాటి నుంచి ఆ పిల్ల నోటి వెంట ఆ మాట రాకపోతే, దాన్ని ఇచ్చిపుచ్చుకోవడం అనలేం. అక్కడ ఒక మాటను ఇంట్లోంచి వెళ్లగొట్టారు. మొదటిది ఇష్టంతో జరుగుతుంది, రెండోది సిగ్గుతో జరుగుతుంది. న్యాయం, అన్యాయం తేలేది అక్కడే.

రాజ్యాంగంలోని 350ఏ అధికరణం, భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందేలా ప్రయత్నించమని రాష్ట్రాలకు చెబుతోంది. ఆ ఏర్పాటు జరిగేదాకా చేయగలిగిన పనులున్నాయి. ఉపాధ్యాయ మిత్రులారా, యాడి అన్న పిల్లను దిద్దవద్దు. దాని పక్కనే అమ్మ అని రాయండి. పిల్లలకు రెండు మాటలు ఉంటాయి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, తెలుగు నేర్వండి, ఇంగ్లిషు నేర్వండి, ఎన్ని మాటలైనా తెచ్చుకోండి. కొత్త మాటకు చోటు కావాలని ఇంటి మాటను గడప దాటించకండి. గిడ్డంగిలో కొత్త బస్తా దింపడానికి పాత బస్తా పారేయం, కాస్త జరిపి పెడతాం.