యోనాతాను దాచలేదు

ధ్యానభాగము: 1 సమూయేలు 19:1–7



గడచిన వేసవిలో మన సంఘపు యౌవనస్థుడొకడు మా యొద్దకు వచ్చి ఒక ప్రశ్న వేసెను. విశాఖపట్టణములో పరుగుపందెముల ఎంపిక జరుగనైయుండెను. వానికిని, అదే గ్రామమందలి వాని స్నేహితునికిని అందులో పోటీ. ఎంపిక కాగలవాడు ఒక్కడే. చెప్పిన తేదీకి రెండు దినములు ముందే పందెము జరుగునని వీని ఫోనుకు కబురు వచ్చెను. స్నేహితుడు తండ్రితోకూడ వేటకు వెళ్లి సముద్రము మీద నున్నాడు. "నేను చెప్పనంత మాత్రాన అబద్ధమాడినట్లు కాదు గదా, అయ్యగారూ?" అని వాడడిగెను.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమని ఒప్పుకొనుచున్నాము. పందెములలో పైకి వచ్చినవానికి ఆటగాండ్ర కోటాలో ఏదో యొక ఉద్యోగము దొరకవచ్చును. వీడు తండ్రి లేని బిడ్డ, మన సంఘపు బిడ్డ. ఆ స్నేహితుడు మన సంఘస్థుడు కాడు. ఈ తలంపు మా మనస్సులో మెదలిన తరువాతనే సౌలు రాజు మాకు జ్ఞాపకము వచ్చెను.

దావీదును చంపవలెనని సౌలు యోనాతానుతో చెప్పెను. దావీదు బ్రదికియుండగా నీకు రాజ్యము నిలువదని తరువాతి అధ్యాయములో కుమారుని హెచ్చరించెను గూడ. అసూయ ఉన్నమాట నిజమే గాని, కొడుకు మేలు కోరుచున్నాననియే ఆ తండ్రి తలంచి యుండును. పెద్దలమైన మనము ఇచ్చటనే జారిపడుదుము. యోనాతాను పోగొట్టుకొనవలసినది సింహాసనము. అయినను అతడు వెళ్లి సంగతి దావీదుకు తెలిపెను, తండ్రి యెదుట అతని పక్షమున మాటలాడెను. "నేను మాత్రము చంపను" అని యూరకుండినచో అతని చేతులకు రక్తమంటదు సరే. దావీదు ప్రాణము దక్కునా?

ఇట్టి సంగతియే మన ప్రాంతమువానిని గూర్చినది ఒకటి కలదు. 1936లో విజయనగరము ఇంకను విశాఖపట్టణము జిల్లాలోనిదే. ఆ సంస్థానపు రాజకుమారుడు, విజ్జీయని పేరుపొందినవాడు, ఆ యేట భారత క్రికెట్ జట్టునకు నాయకుడై ఇంగ్లండు వెళ్లెను. 1960లో విశాఖపట్టణము నుండి లోక్‌సభకు ఎన్నికైనది ఈయనయే. మూడు టెస్టులలో కలిపి ఆయన చేసిన పరుగులు 33. ఆయనకంటె ఎంతో గొప్ప ఆటగాడు, 1932లో మన మొదటి టెస్టు నాయకుడు, తెలుగువాడైన సి.కె. నాయుడు, ఆయన క్రింద ఆడవలసివచ్చెను.

మాంచెస్టరు టెస్టు మొదటి ఇన్నింగ్సులో ముస్తాక్ అలీ 13 పరుగులకే రనౌటయ్యెను. రెండవ ఇన్నింగ్సులో విజయ్ మర్చంటుకు జతగా వెళ్లబోవుచుండగా, మర్చంటును రనౌటు చేయుమని నాయకుడు అతనితో చెప్పెనని క్రికెట్ చరిత్రలో ప్రసిద్ధమైన కథ. ఆ ఆట ఎరుగని పెద్దలకొక మాట: ఇద్దరు ఎదురెదురుగా నిలిచి, ఒకరి పిలుపును ఒకరు నమ్మి 22 గజములు పరుగెత్తుదురు. ఒకడు "రా" అని పిలిచి తాను కదలనిచో, రెండవవాడు నడిమధ్యను చిక్కి అవుటగును. చూచువారికి అది పొరపాటే. ద్రోహమని నిరూపింపగలవాడెవడును లేడు.

ముస్తాక్ అలీ ఆ మాటను మర్చంటుకే చెప్పివేసెను. ఇద్దరును నవ్వుకొని ఆడిరి. మొదటి వికెట్టుకు 203 పరుగులు వచ్చెను. ముస్తాక్ 112, మర్చంటు 114. విదేశములలో టెస్టు సెంచరీ చేసిన మొదటి భారతీయుడు ముస్తాక్ అలీయే. ఆ రహస్యము వారి నడుమ దాగియున్నచో, ఒకరి పిలుపునకు ఒకరు అంత నిబ్బరముగా పరుగెత్తియుందురా? ఒకడు ముస్లిం, ఒకడు హిందువు. యోనాతాను చేసిన పనినే వారిలో ఒకడు చేసి చూపెను. ఆ అధ్యాయమును చిన్ననాటినుండి వినుచున్న మేము ఒక పందెపు తేదీ విషయమై తడబడితిమి.

పోటీలో ఎవని జాగ్రత్త వానిదే యని కొందరందురు. అదియు కొంత నిజమే. ఏ వేకువను లేచి ఎంత దూరము పరుగెత్తి సాధన చేసితిమో పోటీదారునికి చెప్పనక్కరలేదు; అది మన కష్టము. తేదీ అట్టిది కాదు. అది వానికి చెందినది, త్రోవ తప్పి మన చేతికి వచ్చినది. పొరుగువాని దూడ మన దొడ్డిలోనికి వచ్చినచో తలుపు వేసికొని, నేను దొంగిలింపలేదు గదా యందుమా?

యాకోబు పత్రిక నాలుగవ అధ్యాయపు చివరి వచనమును ఆ పిల్లవానిచేత చదివించితిమి. వాడు చదివి, ఏమియు అనక వెళ్లిపోయెను. మరునాడు వేకువజామున పడవ ఒడ్డునకు వచ్చు వేళకు వాడు ఇసుకలో కూర్చుండి కనిపెట్టుచుండెనట. ఆ దినమే ఇద్దరును ఒకే బస్సులో విశాఖపట్టణమునకు వెళ్లిరి.