రాజోలిబండ నీరు ఏ చట్టానిది?

అంతర్జాతీయ చట్టం, అంటే రాజ్యాలు పరస్పరం కట్టుబడే నియమావళి, దేశీయ చట్టంతో ఒకటేననే ఏకత్వవాదానికీ, రెండూ వేర్వేరనే ద్వంద్వవాదానికీ ఉన్న పేచీని తుంగభద్ర నుంచి తెలంగాణలోని వడ్డేపల్లి ప్రాంతపు పొలాలకు నీరిచ్చే రాజోలిబండ కాలువ దగ్గర పరీక్షించి చూడవచ్చు. నిజాం హైదరాబాదు, బ్రిటిష్ పాలనలోని మద్రాసు 1944లో తుంగభద్ర నీటిపై చేసుకున్న ఒప్పందం, ఏ పక్షానికీ పూర్తి సార్వభౌమత్వం లేకపోయినా, సంధిలాగే నడిచింది. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ తరువాత అదే నీరు రాష్ట్రాల తగాదాగా మారి, రాజ్యాంగం 262వ అధికరణం పరిధిలోకి వచ్చింది. దేశాల మధ్య పారే నదులకూ వర్తించే సమన్యాయ పంపిణీని, అంటే అవసరాలూ వాడకమూ తూచి వాటాలు వేసే పద్ధతిని, కృష్ణా జలాల వివాదాన్ని విచారించిన బచావత్ ట్రిబ్యునల్ అనుసరించి ఈ కాలువకు 17.1 టీఎంసీలు, అందులో నేటి తెలంగాణలోని దిగువ ఆయకట్టుకు 15.9 కేటాయించింది. అయితే తూములూ, కాలువ మొదటి 40 కిలోమీటర్లకు పైగా భాగమూ కర్ణాటకలోనే ఉండటంతో, పరాయి ఏలుబడిలోని గట్టుపై హక్కు ఎలా చెల్లుతుందన్న సంధికాలపు చిక్కు దేశీయ చట్టంలోకి వచ్చాక కూడా విడలేదు.