అగ్నియు నర్పణమును

విశ్వవిద్యాలయమున యంత్రశాస్త్రము నభ్యసించు విద్యార్థికి ఉష్ణగతిశాస్త్రపాఠమున నెదురగు నొక సత్యము, నా దృష్టిలో, గణితముకంటె వేదాంతమునకే చేరువైనది. 1824లో, ఇరువదియెనిమిదేండ్ల ఫ్రెంచి యువకుడు సాదీ కార్నో, అగ్నియొక్క చాలకశక్తినిగూర్చిన తన చిన్నగ్రంథమున, ఉష్ణము వేడిచోటినుండి చల్లనిచోటికి దిగినగాని యంత్రము నిరంతరముగా పనిచేయజాలదని ప్రతిపాదించెను. ఎంతటి నేర్పరి నిర్మించినను, ఘర్షణము లేశమైనను లేకున్నను, 500 కెల్విన్లకడ వేడిమిని గ్రహించి 300 కెల్విన్లకడ విడుచు యంత్రము, నూటికి 40 పాళ్లకు మించి పనిగా మార్చజాలదు. తక్కిన 60 పాళ్లును శీతలస్థానమున కర్పింపవలసినదే.

దీనిని నష్టమందురు. నిజముగా నష్టమేనా? సిలిండరులోని వాయువు, ఉష్ణోగ్రత మారకుండ మెల్లగా వ్యాకోచించునెడల, ఆదర్శస్థితిలో, గ్రహించిన వేడినంతను పనిగా మార్చగలదు. కాని పిస్టను చివరకు చేరి నిలిచిపోవును. అది మరల మొదటికి వచ్చి చక్రము పూర్తిచేయవలెనన్న కొంత వేడిమిని విడువక తప్పదు. హవిస్సును తనది కాదని విడుచు యజమానుడు నాకిచ్చట స్ఫురించుచున్నాడు. మన ఋషులు కార్నోను ముందే యెరిగియుండిరని చెప్పువారితో నేనేకీభవింపను. ఆ మాట యిరువురకును అపచారము. అయినను, కర్మచక్రము తిరుగుటకు త్యాగమే మూలమన్న గీతాభావమును, ఈ నియమమును ఒకే మనస్సున నిలుపుకొనుట విద్యార్థికి అనుచితము కాదు.

ప్రయోగశాలలో కండెన్సరునుండి వెలువడు గోరువెచ్చని నీటిలో వ్రేళ్లుంచి, ఆ వేడిమి యెచ్చటికి పోవుచున్నదో యని క్షణకాలము నిలిచిన విద్యార్థిని నేను మిక్కిలి గౌరవింతును.