అనుమానం అడిగిన సాక్ష్యం

నిప్పు లేనిదే పొగ రాదంటారు. షేక్‌స్పియర్ రాసిన 'ఒథెల్లో' నాటకం చదివాక ఆ మాట అనడానికి నోరు రాదు. నిప్పురవ్వ కూడా లేని ఇంటిని పొగతో నింపి, ఏ పాపం ఎరుగని ఇల్లాలి ఊపిరి తీయించిన ఇయాగో కథ అది. 1604 నవంబరు 1న లండన్ వైట్‌హాల్ రాజభవనంలో ఆడినట్టు దాఖలా ఉన్న ఈ నాటకంలోని మనుషులు ఇప్పటికీ మన మధ్యే తిరుగుతున్నారు.

ఒథెల్లో వెనిస్ రాజ్యపు సేనాని. నల్లజాతివాడు, పరదేశి, యుద్ధరంగంలోనే వయసు గడిపినవాడు. అతను పడ్డ కష్టాలు విని మనసిచ్చిన డెస్డిమోనా, సెనేటర్ అయిన తండ్రికి చెప్పకుండా అతన్ని పెళ్లాడింది. ఉపసేనాని పదవి తనకు రాకుండా కాషియోకు దక్కిందని ఇయాగోకు కడుపుమంట. తన భార్యకూ ఒథెల్లోకూ సంబంధం ఉందన్న వదంతి మరో సాకు. అది నిజమో కాదో తనకే తెలియదని, అయినా నిజమనే అనుకుని నడుచుకుంటానని అతనే చెప్పుకుంటాడు. మాత్సర్యం ఎలా పనిచేస్తుందో ఇంతకంటే సూటిగా చెప్పిన చోటు నేనెక్కడా చదవలేదు.

ఒథెల్లో కాపాడటానికి వెళ్లిన సైప్రస్ మీదికి వస్తున్న తురుష్క నౌకలు తుపానులో చెల్లాచెదురయ్యాయి. బయటి శత్రువు కత్తి దూయకుండానే పోయాడు. కామం నుంచి మాత్సర్యం దాకా మనిషి లోపల ఉండే ఆరుగురు శత్రువులకు తలుపు తెరుచుకున్నది అప్పుడే.

డెస్డిమోనాకూ కాషియోకూ సంబంధం ఉందని ఒథెల్లోను నమ్మించాలని చూసే ఇయాగో మొదట నేరుగా ఏ నిందా వేయడు. ఏదో అనబోయి ఆగిపోతాడు. అడిగితే వద్దులెండి అంటాడు. తండ్రినే మోసగించిన పిల్ల అని గుర్తుచేస్తాడు. అసూయకు లోనుకావద్దని ఒథెల్లోను హెచ్చరించేది కూడా అతనే! హితవు ఎంత గొప్పదైనా, ఎవరి నోట, ఏ పని సాధించడానికి వస్తోందో చూసుకోవాలని పెద్దలు అందుకే అంటారు. ఇంత చేసినవాణ్ణి ఒథెల్లో చివరిదాకా నిజాయతీపరుడనే పిలుస్తాడు.

భగవద్గీత రెండో అధ్యాయంలో 62, 63 శ్లోకాలు మనిషి పతనాన్ని మెట్టుమెట్టుగా చూపిస్తాయి. ఒకదాన్నే తలపోయడం నుంచి సంగం, దాన్నుంచి కామం, ఆపైన క్రోధం, సమ్మోహం, స్మృతి చెదరడం, చివరికి బుద్ధినాశం. ఈ నాటకం మూడో అంకం మూడో రంగంలో ఆ దిగజారుడు మన కళ్లముందే జరుగుతుంది. భార్య మీద పూర్తి నమ్మకంతో రంగం మొదలుపెట్టిన మనిషి, అది ముగిసేసరికి మోకరిల్లి ప్రతీకార శపథం చేస్తాడు. స్మృతి చెదరడమంటే ఇదే. తనకోసం పుట్టింటినే వదులుకుని వచ్చిన మనిషి అన్న సంగతి ఆ క్షణాన అతనికి గుర్తులేదు.

నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం ఇయాగో భార్య ఎమీలియా. తలనొప్పిగా ఉందన్న ఒథెల్లో నుదుటికి కట్టబోయి డెస్డిమోనా జారవిడిచిన రుమాలును తీసింది ఆమే. స్ట్రాబెర్రీ పళ్ల కుట్టుపని ఉన్న రుమాలు అది, ఒథెల్లో ఇచ్చిన తొలి కానుక. భర్త ఎన్నాళ్లుగానో అడుగుతున్నాడని, అతన్ని సంతోషపెడదామని తీసుకెళ్లి ఇచ్చింది. అతను దాన్ని కాషియో గదిలో పడేసి రుజువుగా వాడుకున్నాడు. తర్వాత డెస్డిమోనా వెతుక్కుంటూ రుమాలు ఎక్కడ పోయిందని అడిగితే, తనకు తెలియదంది. ఎంత చిన్న అబద్ధం! ఒథెల్లో వచ్చి ఆ రుమాలు కోసమే రంకెలు వేస్తుంటే పక్కనే ఉండి కూడా పెదవి విప్పలేదు. తన చేతి మీదుగా పోయిన గుడ్డ ఉరితాడుగా మారుతోందని ఆమెకు తెలియదు. తెలియకపోవడం నిజమే, మౌనమూ నిజమే.

1565లో అచ్చయిన ఇటాలియన్ రచయిత చింతియో కథ ఈ నాటకానికి మూలం. అందులో రుమాలు దొంగిలించేది భర్తే. భార్యకు కుట్ర తెలిసినా భయపడి నోరు మెదపదు. షేక్‌స్పియర్ ఆ రుమాలును ఎమీలియా చేతిలో పెట్టాడు, నిజం పలికే నాలుకనూ ఆమెకే ఇచ్చాడు. ఒథెల్లో చేతిలో చనిపోయిన డెస్డిమోనా శవం పక్కన నిలబడి ఆమె జరిగినదంతా చెబుతుంది. ఇంటికి పొమ్మని ఇయాగో గద్దిస్తే, భర్త మాట వినడం తన విధే అయినా ఇప్పుడు వినేది లేదంటుంది. అతని కత్తిపోటుకు నేలకొరిగి, అమ్మగారి పక్కన పడుకోబెట్టమని అడుగుతుంది. ఆ సత్యం ఆలస్యంగా వచ్చింది. ప్రాణం పెట్టి కొన్నది కాబట్టి దాన్ని తక్కువ చేయలేం.

ఒథెల్లో నిజం కోసం ప్రయత్నించలేదా? ప్రయత్నించాడు. నాలుగో అంకం రెండో రంగంలో ఎమీలియానే పిలిచి నిలదీస్తాడు. డెస్డిమోనా నిష్కళంకురాలని ఆమె తన ఆత్మనే పణంగా పెట్టి చెబుతుంది. ఇలాంటివాళ్లు ఇలాగే చెబుతారని అతను కొట్టిపారేస్తాడు. నిందవేసినవాడి దగ్గర గుడ్డముక్క కూడా రుజువైంది, అన్నీ చూసిన మనిషి ప్రమాణం మాత్రం రుజువు కాలేదు. అనుమానం తీర్పు ముందే రాసుకుని, దానికి సరిపడే సాక్షుల కోసమే వెతుకుతుంది. ఇయాగో కంటే నాకు దీన్ని చూస్తేనే ఎక్కువ భయం, ఎందుకంటే ఇది మంచివాళ్లలోనూ ఉంటుంది.

ఈ నాటకం చేతికి దొరికితే ఆ నాలుగో అంకం దగ్గర కాసేపు ఆగండి. మీ ఇంట్లోవాళ్ల గురించి ఎవరైనా మీ చెవిన ఏదైనా వేసి ఉంటే, ఈ రాత్రే ఆ ఇంటిమనిషి ఎదురుగా కూర్చుని అడగండి, చెప్పింది చివరిదాకా వినండి.