ఏ ఆకాశం నిజం?

ఒకే చోట గంట తేడాతో తీసిన రెండు ఫొటోల్లో ఆకాశం ఒకేలా ఉండదు. ఒకదాంట్లో నిండు నీలం, ఇంకోదాంట్లో పాలిపోయిన తెలుపు. ఫొటోషాప్‌లో ‘మ్యాచ్ కలర్’ వాడితే ఆ తేడా చాలావరకు పోతుంది. ఇలాంటి పనికి 2001లో ఎరిక్ రైన్‌హార్డ్ బృందం ఒక సులువైన లెక్క చూపింది: ఒక బొమ్మలోని రంగుల సగటునూ, ఆ సగటు చుట్టూ రంగులు ఎంత చెదిరి ఉన్నాయన్న కొలతనూ రెండో బొమ్మకు ఇవ్వడం. ఏది ఉదయమో, ఏది సాయంత్రమో ఆ లెక్కకు పట్టదు. మరి ఇలా రంగు కలపడం అబద్ధమా?

కాదనేవారి వాదం తేలికైనదేమీ కాదు. ఆకాశానికి సొంత రంగు లేదు. సూర్యకాంతిలోని పొట్టి తరంగాలను గాలి అణువులు ఎక్కువగా చెదరగొట్టడం వల్లే నీలం కనిపిస్తుందని 19వ శతాబ్దంలో భౌతిక శాస్త్రవేత్త రేలీ వివరించాడు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యం ఆరంభంలో, ప్రత్యక్షం కాని ఆకాశానికి కూడా అజ్ఞులు మాలిన్యాన్ని అంటగడతారంటూ దాన్నే అధ్యాసకు, అంటే లేని గుణాన్ని ఆరోపించడానికి, ఉదాహరణగా చూపారు. కెమెరా కూడా రంగును ఉన్నదున్నట్టు పట్టదు. వైట్ బ్యాలెన్స్ మారిస్తే అదే ఆకాశం వేరే రంగులో వస్తుంది. అసలు లేని రంగును మారిస్తే పోయేదేముంది?

పోయేది ఉంది. జగత్తు మిథ్య అన్న శంకరుల అద్వైతం కూడా వ్యవహారంలో తాడుకూ, చీకట్లో దాన్ని చూసి పొరబడే పాముకూ ఉన్న తేడాను చెరిపెయ్యలేదు. రంగు ఆకాశానిది కాకపోయినా, అది దుమ్ముకూ తేమకూ పొద్దుకూ గుర్తు. 1976 జూలైలో నాసా నౌక వైకింగ్ 1 అంగారకుడి మీద దిగాక, మొదటి రంగు ఫొటోను నీలి ఆకాశంతో చూపించారు. తర్వాత నౌక మీదున్న రంగుల పట్టీతో పోల్చి సరిచేస్తే ఆకాశం గులాబీ ఛాయలో తేలింది. అక్కడి గాలిలో వేలాడే సన్నని ధూళే దానికి కారణం. నీలమే ఉంచేసి ఉంటే ఆ ధూళి సాక్ష్యం మరుగున పడేది. కెమెరా దోషాన్ని దిద్దడం వేరు, లోకంలో ఉన్న తేడాను తుడిచెయ్యడం వేరు అనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

కళ సంగతేమిటని అడగవచ్చు. 1850లలో గుస్తావ్ లె గ్రే సముద్రాన్ని ఒక నెగెటివ్ నుంచీ, ఆకాశాన్ని మరో నెగెటివ్ నుంచీ తీసుకుని ఒకే ఫొటోగా అచ్చువేశాడు. ఒకే మబ్బులను వేర్వేరు సముద్రాల మీద కూడా వాడాడు. నాటి ప్లేట్ల మీద నీలం అతిగా పడి ఆకాశం తెల్లగా వచ్చేది కాబట్టి, కంటికి కనిపించిన దృశ్యానికి చేరువ కావడానికి అదొక దారి. అందులో తప్పు లేదు, ఎందుకంటే ఆ చిత్రాలను ఎవరూ వాతావరణ నివేదికగా చదవరు. పెళ్లి ఆల్బమ్‌కైనా ఇదే న్యాయం. కానీ నగరంలో గాలి ఎంత చెడిందో చూపే ఫొటోకు, వరద వార్తకు, కోర్టులో దాఖలు చేసే చిత్రానికి ఆ వెసులుబాటు లేదు. చూసేవాడు ఆ ఫొటోను సాక్ష్యంగా నమ్ముతున్నాడా, అలంకారంగా చూస్తున్నాడా అన్నదే గీటురాయి. సాక్ష్యంగా నమ్మేచోట ఆకాశం రంగు మార్చి, ఆ సంగతి చెప్పకపోతే, అది అబద్ధమే.