ఓటు మురిగిపోతుందా?

2009 ఏప్రిల్‌లో మేము మొదటిసారి ఓటు వేశాము. అప్పుడు మెడికల్ కాలేజీలో చదువుతున్నాము. హాస్టల్ నుంచి రాత్రి బస్సెక్కి ఊరు చేరి, ఎండ ముదరకముందే వరసలో నిలబడి, లోక్‌సత్తా అభ్యర్థికి ఓటు వేసి ఇంటికొచ్చాము. ఆ పార్టీ నాయకులు జయప్రకాశ్ నారాయణ్ గారు మాలాగే వైద్యం చదువుకున్నవారు. తర్వాత ఐ.ఎ.ఎస్.లో చేరి, దాన్నీ వదులుకుని ప్రజల్లోకి వచ్చారు. మా హాస్టల్లో సగం మందికి ఆయనే ఆదర్శం.

అరుగు మీద కూర్చున్న మా నాన్నగారు "ఎవరికి వేశావురా?" అని అడిగారు. చెప్పాము. ఆయన కోప్పడలేదు. "ఆయన మంచివాడే, నేను కాదన్నానా? కాని గెలవనివాడికి వేస్తే ఓటు మురిగిపోతుంది" అన్నారు. ఫలితాలు వచ్చాయి. మా నియోజకవర్గంలో మేము ఓటేసిన అభ్యర్థికి డిపాజిట్ గల్లంతయింది. రాష్ట్రం మొత్తం మీద ఆ పార్టీకి వచ్చింది ఒకే ఒక్క స్థానం, కూకట్‌పల్లిలో జయప్రకాశ్ నారాయణ్ గారిది. నాన్నగారు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తనందుకే మాకు మరింత చిన్నతనంగా అనిపించింది.

పదిహేనేళ్ళు గడిచాయి. 2024 అక్టోబరులో శాంటా క్లారాలో మా వంటింటి బల్ల మీద రెండు బ్యాలెట్ కవర్లు ఉన్నాయి. ఒకటి ఇక్కడే పుట్టి పెరిగిన మా శ్రీమతిది, రెండోది కొత్తగా పౌరసత్వం వచ్చిన మాది. అధ్యక్ష పదవికి కాలిఫోర్నియా బ్యాలెట్ మీద ఆరుగురి పేర్లున్నాయి. అందరం మాట్లాడుకునేది ఇద్దరి గురించే. మా శ్రీమతి చాలాసేపు ఆ కాగితం చూసి, "ఈ ఇద్దరిలో ఎవరికి వేసినా నా మనసు ఒప్పుకోదు. మూడో పార్టీకి వేస్తాను" అంది. మా నోటి నుంచి వచ్చిన జవాబు మాకే ఆశ్చర్యం కలిగించింది: "ఓటు మురిగిపోతుంది కదా!"

నాన్నగారి మాట మా నోట్లో ఎప్పుడు చేరింది? పందొమ్మిదేళ్ళ వయసులో మేము చేసింది తప్పా, ముప్ఫై నాలుగేళ్ళ వయసులో అన్నది తప్పా? ఈ ధర్మసందేహం మా ఇంట్లో ఇంకా పూర్తిగా తీరలేదు. అందుకే పాఠకుల ముందు పెడుతున్నాము. ఈ పత్రిక ఏ పార్టీదీ కాదు కనుక ఏ పార్టీ మంచిదనే చర్చలోకి మేము దిగడం లేదు. రెండు పార్టీలే గెలవగల చోట మూడో పార్టీని బలపరచడంలో అర్థముందా అన్నదే ఇక్కడి ప్రశ్న.

అసలు రెండే పార్టీలు ఎందుకు మిగులుతాయి? ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వారే గెలిచినట్లు, మిగిలిన వారికి ఏమీ దక్కనట్లు లెక్కపెట్టే చోట కాలక్రమాన రెండు పక్షాలే నిలబడతాయని మారీస్ డువెర్జే అనే ఫ్రెంచి పండితుడు 1950ల నాటికే సూత్రీకరించాడు. 1992లో రాస్ పెరోకు ఈ దేశంలో సుమారు 1 కోటి 97 లక్షల ఓట్లు వచ్చాయి, అంటే వందకు పందొమ్మిది. ఎలక్టొరల్ ఓటు మాత్రం ఒక్కటీ రాలేదు. ఒకటి రెండు చోట్ల తప్ప, రాష్ట్రంలో మొదట వచ్చినవారికే ఆ రాష్ట్రపు ఎలక్టొరల్ ఓట్లన్నీ పోతాయి. అన్ని చోట్లా కొంచెం కొంచెం బలమున్న వాడికి ఎక్కడా ఏమీ దక్కదు.

మన దగ్గరా అంతే. 2008లో పుట్టిన ప్రజారాజ్యానికి 2009 ఎన్నికల్లో సుమారు 16 శాతం ఓట్లు వచ్చాయి. 294 స్థానాల్లో దక్కినవి 18. 2011లో ఆ పార్టీ కాంగ్రెసులో కలిసిపోయింది. దానికి ఓటేసిన లక్షల మంది ఉన్న రెండు పార్టీలూ వద్దనుకునే వేశారు. తీరా వారి ఓటు ఆ రెండింటిలో ఒకదాని ఖాతాలోకి పోయింది. ఓటు మురగడమంటే ఇదీ ఒక రకమే.

"మరి 1983 మాటేమిటి?" అని మిత్రులు అడుగుతారు. 1982 మార్చి 29న పుట్టిన తెలుగుదేశం తొమ్మిది నెలలకే 200కు పైగా స్థానాలతో గద్దెనెక్కింది కదా అంటారు. నిజమే. కాని అది మూడో పార్టీ కథ కాదని మాకనిపిస్తుంది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెసుకు ఎదురుగా రాష్ట్రమంతటా నిలబడగల పక్షం లేదు. ప్రతిపక్షాలు ముక్కలుగా ఉన్నాయి. రెండో కుర్చీ ఖాళీగా ఉంటే రామారావు గారు వచ్చి అందులో కూర్చున్నారు. ఇక్కడ రిపబ్లికన్ పార్టీ 1854లో పుట్టి 1860లో లింకన్‌తో గెలిచిందన్నా, విగ్ పార్టీ అప్పటికే కూలిపోయి చోటు ఖాళీ అయినందువల్లే. రెండు కుర్చీలూ నిండి ఉన్న ఇంటికి మూడో మనిషి వస్తే నిలబడే ఉండాలి.

నిలబడి ఏం సాధించవచ్చో ఈమధ్య జనసేన చూపించింది. 2019లో ఆ పార్టీకి సుమారు ఐదున్నర శాతం ఓట్లు, ఒక్క స్థానం వచ్చాయి. 2024లో సుమారు ఏడు శాతం ఓట్లతో, పోటీ చేసిన 21 స్థానాలూ గెలిచింది. ఓట్లు కొద్దిగానే పెరిగాయి. పెద్ద తేడా తెచ్చింది పొత్తు. ఒంటరిగా ఉంటే స్వచ్ఛంగా ఉండవచ్చు కాని సీట్లు రావు. పొత్తు పెట్టుకుంటే సీట్లు వస్తాయి కాని "మేము వేరు" అనే మాట పలచబడుతుంది.

ఇంతవరకూ లెక్క చూశాము. ఇక ధర్మం సంగతి. 2000 సంవత్సరంలో ఫ్లోరిడాలో బుష్‌కూ గోర్‌కూ తేడా 537 ఓట్లు. అక్కడ రాల్ఫ్ నాడర్‌కు వచ్చినవి 97,488. ఆ ఓటర్లలో చాలామందికి రెండో ఇష్టం గోర్ అనీ, వారివల్లే బుష్ అధ్యక్షుడయ్యాడనీ నేటికీ నిందిస్తారు. ఆ బ్యాలెట్ మీదున్న మిగతా చిన్న పార్టీల అభ్యర్థుల్లో ప్రతి ఒక్కరికీ 537 కంటే ఎక్కువే వచ్చాయి. అసలు ఓటే వెయ్యనివారు లక్షల్లో ఉన్నారు. వారినెవరూ నిందించరు, నాడర్ ఓటర్లనే నిందిస్తారు. ఇది న్యాయం కాదు. అలాగని వారికి ఏ బాధ్యతా లేదనడం కూడా న్యాయం కాదు. పోటీ గట్టిగా ఉందని ఫ్లోరిడాలో అందరికీ ముందే తెలుసు.

మహాభారతంలో ఈ చిక్కు కొత్తది కాదు. కురుక్షేత్రంలో ఏ పక్షమూ వద్దని బలరాముడు తీర్థయాత్రకు వెళ్ళాడు. యుద్ధం ఆగలేదు. ఆఖరి గదాయుద్ధం వేళకు తిరిగి వచ్చి, భీముడు తొడ మీద కొట్టాడని మండిపడ్డాడు. కోపం న్యాయమైనదే, కాని అప్పటికి చెయ్యగలిగింది లేదు. వికర్ణుడు నిండు సభలో ద్రౌపది తరఫున మాట్లాడాడు, ఆ తర్వాత అన్నల పక్షానే పోరాడి చచ్చిపోయాడు. యుయుత్సుడు యుద్ధం మొదలయ్యే ముందు పక్షం మారాడు. ఓటు వెయ్యనివాడూ, పార్టీలో ఉంటూ లోపల ఎదిరించేవాడూ, అవతలికి దాటినవాడూ ముగ్గురూ అక్కడున్నారు. మూడో సైన్యం కట్టినవాడు మాత్రం లేడు.

మా వృత్తి నుంచి ఒక పోలిక చెప్తాము. ఉన్న రెండు మందులూ అంతంతమాత్రంగా పనిచేస్తుంటే మూడో మందు కావాలి. దాన్ని పరీక్షించడానికి ఎవరూ ముందుకు రాకపోతే ఆ మందు ఎప్పటికీ రాదు. మా శ్రీమతి వాదం ఇదే: "అందరూ వచ్చేసారి చూద్దామంటే వచ్చేసారి ఎప్పుడొస్తుంది?" దీనికి మా దగ్గర తేలికైన జవాబు లేదు. కాని ఒక తేడా ఉంది. మందు పరీక్షలో చేరేవాడు తన ఒంటి మీద ప్రయోగానికి తానే సంతకం పెడతాడు. ఓటులో సంతకం మనది, ఒళ్ళు ఇంకొకరిది.

మేము చూసే రోగుల్లో చాలామంది మెడికాల్ మీద ఆధారపడినవారు. 2025లో వాషింగ్టన్‌లో మెడిక్‌ఎయిడ్ నిధులకు కోత పెట్టే చట్టం వచ్చింది. ఆ నవంబరులో మన కౌంటీ ఓటర్లు తమ మీద తామే అదనపు అమ్మకపు పన్ను వేసుకున్నారు. ఆ చట్టం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. అది ఎవరి ఒంటి మీద పడిందన్నదే మేము చెప్పదలచింది. మన వంటి ఇళ్ళలో ఎవరు గెలిచినా మర్నాడు పొద్దున కాఫీ మామూలుగానే ఉంటుంది. ఇన్సులిన్ చీటీ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డవాడికి అలా ఉండదు. నిరసన ఓటు వేసే ముందు దాని ఖర్చు ఎవరు భరిస్తారో చూసుకోవాలి. ఖర్చు మనదైతే అది త్యాగం. పక్కవాడిదైతే దానికి వేరే పేరు వెతకాలి.

ఈ లెక్కన శాంటా క్లారాలో మా శ్రీమతి ఓటు ఎవరికీ హాని చెయ్యదు. కాలిఫోర్నియా 1992 నుంచి ప్రతిసారీ డెమోక్రాట్లకే ఎలక్టొరల్ ఓట్లిస్తోంది. 2024లో తేడా ఇరవై శాతం దాకా ఉంది. ఇక్కడ మూడో పార్టీకి ఓటు వెయ్యడం ఫ్లోరిడాలో వెయ్యడంతో సమానం కాదు. 2000లో ఇలాంటి రాష్ట్రాల గోర్ అభిమానులూ, పోటీ గట్టిగా ఉన్న రాష్ట్రాల నాడర్ అభిమానులూ ఓట్లు మార్చుకునేందుకు వెబ్‌సైట్లు కూడా వెలిశాయి. ఈ రాష్ట్ర అధికారులు వాటిపై చర్య తీసుకుంటామని బెదిరించారు. అలా మార్చుకోవడం రాజ్యాంగ రక్షణ ఉన్న భావప్రకటనేనని 2007లో ఫెడరల్ అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. హాని లేదు సరే, మేలుందా? ఎవరికీ తగలని రాయి విసిరితే ఎవరూ తిరిగి చూడరు కూడా.

అందుకే మా చూపు అధ్యక్ష పదవి మీద నుంచి మన వీధి మీదికి మళ్ళింది. 2010లో ఆమోదం పొందిన 14వ ప్రతిపాదన ప్రకారం, ఈ రాష్ట్రంలో శాసనసభలకూ కాంగ్రెసుకూ ప్రైమరీలో మొదటి రెండు స్థానాల్లో వచ్చినవారే నవంబరులో పోటీ పడతారు. మన 17వ కాంగ్రెస్ నియోజకవర్గంలో 2014లోనూ 2016లోనూ మైక్ హోండా, రో ఖన్నా తలపడ్డారు. ఇద్దరూ డెమోక్రాట్లే. నవంబరు బ్యాలెట్ మీద మూడో పార్టీకి దాదాపు చోటే లేకుండా పోయింది. చోటు తీసేసింది ఒక నియమం.

నియమం చోటు ఇవ్వనూ గలదు. శాంటా క్లారా నగర సభకు 2018 దాకా అన్ని స్థానాలకూ నగరమంతా కలిసి ఓటు వేసేది. జనాభాలో ఇంచుమించు నలభై శాతం ఆసియా వారున్నా, వారిలో ఒక్కరు కూడా ఎన్నిక కాలేదు. కోర్టులో దావా పడింది. 2018లో న్యాయమూర్తి నగరాన్ని ఆరు జిల్లాలుగా విడగొట్టమన్నారు. ఆ నవంబరులోనే రాజ్ చాహల్ గెలిచి సభలోకి వచ్చారు. నగరం అదే, జనం వారే. ఓట్లు లెక్కపెట్టే పద్ధతి ఒక్కటే మారింది.

పక్కనే శాన్‌ఫ్రాన్సిస్కోలో 2004 నుంచి, ఓక్లండ్, బర్క్‌లీల్లో 2010 నుంచి ఓటరు తన ఇష్టాలను ఒకటి, రెండు, మూడు అని వరసగా రాస్తాడు. మొదటి ఇష్టమైనవాడు పోటీలో వెనకబడితే ఆ ఓటు రెండో ఇష్టానికి చేరుతుంది. మురిగిపోదు. మన కౌంటీ ఓటర్లు ఇటువంటి పద్ధతికి 1998లోనే దారి తెరిచారు. కౌంటీ పదవులకు దాన్ని వాడుకోవచ్చని 2023లో రాష్ట్రమూ చట్టం చేసింది. తలుపు తీసి ఉంది. దాటేలా చెయ్యాలంటే కౌంటీ సూపర్‌వైజర్ల సమావేశాలకు ఎవరో వెళ్ళి కూర్చోవాలి. మనకేమో పిల్లల కూచిపూడి క్లాసులూ లెక్కల ట్యూషన్లూ ఉంటాయి.

ఈ మధ్య నాన్నగారితో ఫోనులో మాట్లాడుతూ 2009 నాటి మాట గుర్తుచేశాము. ఆయన మర్చిపోయారు. మేము చెప్పగా విని నవ్వి, "మురిగితే ఏమైందిరా? పెంటపోగు కూడా మురుగుతుంది. అక్కడే వదిలేస్తే కంపు. పొలానికి తోలితే ఎరువు" అన్నారు. మేము ఆలోచనలో పడ్డాము. 2009లో ఓటు వేసి, హాస్టల్‌కు వెళ్ళి, పరీక్షలు రాసి, ఈ దేశం వచ్చేశాము. మళ్ళీ ఆ పార్టీ ఆఫీసు గుమ్మం తొక్కలేదు, ఒక్క రూపాయి చందా ఇవ్వలేదు. ఆ పార్టీ కొన్నేళ్ళకు ఎన్నికల బరి నుంచి తప్పుకుందని విన్నప్పుడు అయ్యో అనుకుని ఊరుకున్నాము. ఆ ఓటును మురగబెట్టింది నియోజకవర్గం కాదు, మేమే.

కనుక ఇప్పటికి మాకు తోచింది ఇది. పోటీ గట్టిగా ఉన్నచోట, ఖర్చు బలహీనుల మీద పడేచోట, ఉన్న ఇద్దరిలో తక్కువ హాని చేసేవారికి ఓటు వెయ్యడమే ధర్మం. అలా కానిచోట మూడో పార్టీకి వెయ్యవచ్చు. అయితే ఆ ఓటు తర్వాతి నాలుగేళ్ళు దాని వెంట నడుస్తానని మాట ఇవ్వడం వంటిది. నడవనివారు నాలాంటివాడు ఒకడున్నాడని కాగితం మీద రాసి కవరులో పెట్టినట్లే.

2024లో మా శ్రీమతి మూడో పార్టీకే వేసింది. మేము వెయ్యలేదు. రెండు కవర్లూ ఒకేసారి గ్రంథాలయం దగ్గరి పెట్టెలో వేసి వచ్చాము. సూపర్‌వైజర్ల సమావేశానికి వచ్చే నెల వెళ్దామని ఆమె అంటోంది. ఆ రోజు మాకు ఆసుపత్రి డ్యూటీ ఉంది. మార్చుకోవడానికి ఎవరైనా దొరుకుతారేమో చూడాలి. ఈ విషయంలో పాఠకులు తమ అభిప్రాయాలు రాస్తే సంతోషిస్తాము. మాతో వస్తే మరీ సంతోషిస్తాము.