కానరాని మనిషి మరణం: శాస్త్రం, చట్టం

మరణ నిర్ణయానికి శరీర లక్షణాలే ఆధారమన్న అభిప్రాయం సర్వసాధారణమే అయినా, దేశాంతరం వెళ్లిన మనిషి జాడ ఏళ్ల తరబడి తెలియక, పరీక్షించడానికి శరీరమే లేనప్పుడు ఆ నిర్ణయం ఎలా చేయాలన్నది ధర్మశాస్త్రకారులు నిశితంగా చర్చించిన విషయం. 1612లో కమలాకర భట్టు రచించిన ‘నిర్ణయసింధువు’ వంటి నిబంధ గ్రంథాలు, అంటే వేర్వేరు స్మృతుల వచనాలను విషయక్రమంలో కూర్చి సమన్వయించే గ్రంథాలు, ఈ చర్చకు ఆకరాలు. అటువంటి వ్యక్తి కోసం సాధారణంగా 12 ఏళ్లు ఎదురుచూసి, ఆ పిమ్మట ప్రతికృతి దహనం చేయాలని శాస్త్రవిధి. ప్రతికృతి అంటే దేహానికి బదులుగా కల్పించిన రూపం. కృష్ణాజినంపై, అంటే నల్లజింక చర్మంపై, 360 మోదుగాకు కాడలను తలకు 40, మెడకు 10 అన్న లెక్కన అవయవాల వారీగా పేర్చి, శవానికి జరిపినట్లే సంస్కారం జరుపుతారు.

దహనమైన తరువాత ఆ మనిషి తిరిగి వస్తే, అతనికి నేతితో స్నానం చేయించి, జాతకర్మ మొదలుకొని సంస్కారాలన్నీ మళ్లీ జరిపి, తన భార్యనే తిరిగి వివాహమాడేటట్లు చేయాలని శాస్త్రం చెబుతుంది. చనిపోయాడనుకొని అంత్యక్రియలు జరిపిన వ్యక్తి తిరిగి వస్తే, పసిబిడ్డకు చేసినట్లు స్నానం చేయించి, పొత్తిళ్లలో చుట్టి, పాలు పట్టే ఆచారం గ్రీకులలో ఉండేదని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు.

కళ్లెదుట నిలిచిన మనిషికి మళ్లీ పుట్టుక కల్పించడం ప్రత్యక్ష ప్రమాణాన్ని కాదనడమేనన్న ఆక్షేపణ నిలవదు. ఎందుకంటే అతడు ప్రాణాలతో ఉన్నాడని ఒప్పుకోనిదే స్నానమూ సంస్కారమూ ఎవరికన్న ప్రశ్న వస్తుంది. ప్రాణం ఉండటం వేరు, బంధువర్గంలో స్థానం ఉండటం వేరు అన్నదే ఇక్కడి సిద్ధాంతం. భార్య వైధవ్యం పాటించింది, కొడుకు పిండప్రదానం చేశాడు. విధిప్రకారం జరిగిన ఆ కర్మలను పొరపాటుగా కొట్టివేయకుండా, వచ్చినవానికి శాస్త్రం కొత్తగా స్థానం కల్పిస్తుంది.

1872 నాటి సాక్ష్య చట్టంలోని 108వ సెక్షను, దాని స్థానంలో వచ్చిన 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమంలోని 111వ సెక్షను వేరే దారి పట్టాయి. సహజంగా కబురు తెలియవలసినవారికి 7 ఏళ్లుగా కబురు లేకపోతే, ఆ వ్యక్తి బతికే ఉన్నాడని రుజువు చేసే భారం అలా వాదించేవారిపై పడుతుంది. అయితే ఏ తేదీన మరణించాడన్నది దీనివల్ల తేలదని 2004లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చట్టానికి మరణం ఖండనకు లోబడిన ఊహ, శాస్త్రానికి జరిగిపోయిన కర్మ. కాని గడువు దాటగానే మనిషి పోయాడని తెలిసిందని రెండూ అనవు, ఎదురుచూసేవారి బాధ్యతకు హద్దు ఎక్కడన్నదే రెండూ నిర్ణయిస్తాయి.